తేటనీళ్లు వేరు, సీసం పోయిన నీళ్లు వేరు

మునగ గింజల పొడితో నీళ్లలోని సీసాన్ని తీసేయొచ్చన్న మీ వ్యాసం చదివి చాలా సంతోషించాను. మా అమ్మమ్మ వానాకాలంలో ఏటి నీళ్లు తెచ్చి, కుండ లోపలి గోడకు చిల్లగింజను గట్టిగా అరగదీసేది. తెల్లారేసరికి ఒండ్రంతా అడుక్కి దిగి, పైన నీళ్లు అద్దంలా ఉండేవి. మునగ గింజ చేసేదీ దాదాపు అదే పని. దానిలోని ప్రొటీన్ ధనావేశంతో మట్టి రేణువుల్ని లాగి ముద్ద చేస్తుంది.

కానీ తేటబడ్డ నీళ్లన్నీ సీసం పోయిన నీళ్లు కావు. మట్టికి అంటిన సీసం మట్టితో పాటే దిగుతుంది. కరిగిపోయినది కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. దాన్ని మునగ పొడి, నారింజ తొక్కలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం కొంత పట్టుకుంటాయి నిజమే, ఎంత అనేది నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలతను బట్టి మారుతుంది. తాగేనీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అది ల్యాబ్‌లోనే తేలాలి. పైగా సీసం పట్టిన ఆ పొడిని మొక్కల మొదట్లో పోస్తే విషం మళ్లీ మట్టిలోకే చేరుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ టెన్షన్‌లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కొత్తిమీర రసం తాగితే ఒంట్లో సీసం పోతుందని ఒకటే మెసేజ్‌లు. మా చెల్లెలు పిల్లాడికి పట్టబోతుంటే ఫోన్ చేసి ఆపాను. ఒంట్లో చేరిన సీసానికి మందు వేరు, రక్తపరీక్ష చూసి డాక్టరే ఇవ్వాలి. దయచేసి ఈ ముక్క మీ వ్యాసంలో చేర్చండి.