టోకెన్‌కీ దర్శనానికీ మధ్య తిరుపతి

తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు చుట్టాల కరువుండదు. కొండకు వచ్చినవాళ్లు కొండ కిందున్న మన ఇంటికీ వస్తారు. తెల్లవారుజామున టీటీడీ వసతి సముదాయాలైన విష్ణునివాసంలోనో శ్రీనివాసంలోనో లైన్లో నిలబడి ఉచిత సర్వదర్శనం టోకెన్ తెచ్చుకుంటారు. టిఫిన్ తిని, కాళ్లు చాపుకుని, అప్పుడు అడుగుతారు: "సాయంత్రం ఆరింటికి టైం ఇచ్చారు. ఈలోపు ఏం చూద్దాం?" మనం తిరుచానూరు అంటాం, కపిలతీర్థం అంటాం, ఓపికుంటే శ్రీనివాసమంగాపురం అంటాం. మన జాబితా అక్కడితో సరి. మధ్యాహ్నానికి వాళ్లు ఫ్యాన్ కింద నిద్రపోతుంటారు.

మన ప్రాంతపు వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ నిద్రే గుర్తొస్తుంది. ఒకప్పుడు సర్వదర్శనానికి వచ్చినవాళ్లు వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్టుమెంట్లలోనే గంటలకు గంటలు కూర్చునేవాళ్లు. టోకెన్ దొరకనివాళ్లకు ఇప్పటికీ అదే గతి. కానీ టైం వేసి టోకెన్లు ఇవ్వడం వచ్చాక ఆ ఎదురుచూపులో ఒక ముక్క కొండ దిగి ఊళ్లోకి వచ్చింది. రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది దర్శనం చేసుకునే క్షేత్రం ఇది. వాళ్లలో ఎంతోమంది చేతిలో కొన్ని గంటలు పట్టుకుని మన రైల్వే స్టేషన్ చుట్టూ తిరుగుతున్నారు. ఆ గంటలకు మనం పెట్టిన సరుకు ఏమీ లేదు.

వ్యాపారుల నోట వినిపించే మాట మాత్రం వేరు: "యాత్రికులు ఊళ్లో ఆగడం లేదు." 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచిన ఫ్లైఓవర్‌ను కూడా ఇందుకు తిట్టుకుంటారు. దాన్ని ఒక ప్రభుత్వం శ్రీనివాస సేతు అంది, ఇంకో ప్రభుత్వం గరుడ వారధి అంది. పేరు ఏదైతేనేం, బండ్లు అంగళ్ల నెత్తిమీదుగా అలిపిరికి వెళ్లిపోతున్నాయని బాధ. ఇందులో సగమే నిజం. ఫ్లైఓవర్ ఎక్కి పరిగెత్తేవాడికి దర్శనం టైం దగ్గర పడింది. వాణ్ని లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరికించినంత మాత్రాన చీర కొనడు, చిరాకు పడతాడు. మన గిరాకీ వాడు కాదు, ఖాళీగా కూర్చున్నవాడు.

పర్యాటకం అంటే దర్శనం టికెట్‌కు తోక అని అందరం అలవాటుపడ్డాం. పర్యాటక సంస్థల ప్యాకేజీలు ఎన్నో ఏళ్లు అలాగే నడిచాయి. బస్సు, భోజనం, రెండు గుళ్లు, వాటన్నిటి కింద 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం. జనం డబ్బు కట్టింది ఆ చివరిదానికే. 2024 నవంబరు 18న టీటీడీ పాలకమండలి పర్యాటక సంస్థల కోటా రద్దు చేసింది. అదే సమావేశంలో ప్రతి నెలా మొదటి మంగళవారం తిరుపతి స్థానికులకు దర్శనం ఇవ్వాలనీ నిర్ణయించింది. రెండో వార్తకు ఊరంతా సంబరపడింది, నేనూ పడ్డాను. మొదటి వార్త మీద ఊళ్లో అంత చర్చ నాకు కనపడలేదు. నిజానికి మన బతుకుతెరువుకు సంబంధించింది అదే. టికెట్ ఆశ లేకుండా ఈ చుట్టుపక్కల ఏ ఊరినైనా చూపించి డబ్బు అడగగలమా అన్న ప్రశ్న ఆ రోజు నుంచి మన ముందుంది.

అడగగలం. శ్రీకాళహస్తి సంగతే చూడండి. రాహుకేతు పూజకు వచ్చినవాళ్లు పూజ ముగించి, ప్రసాదం తీసుకుని కారెక్కుతారు. కలంకారీ వేసే ఇళ్లు అదే ఊళ్లో ఉన్నాయి. కోరా గుడ్డను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెడితే నల్లరంగు వస్తుంది. వెదురు కలంతో గీత గీయాలి, పారే నీళ్లలో ఉతకాలి. ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పుట్టడానికి ఆ నీళ్లే కారణం. ఏరు ఎండిన రోజుల్లో వాళ్లు పడే తిప్పలు వేరే కథ. ఈ కళకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అయినా అంగట్లో యంత్రం మీద ముద్రేసిన గుడ్డ పక్కన చేత్తో వేసిన గుడ్డ పెడితే, కొనేవాడు ధర చూసి మొదటిదే తీసుకుంటాడు. అతని తప్పేముంది? తేడా తెలియదు. గంటసేపు ఆ వాకిట్లో కూర్చుని రంగు ఎక్కడం చూసినవాడు బేరం ఆడటానికి సిగ్గుపడతాడు. అమ్మాల్సింది గుడ్డ కంటే ముందు ఆ గంటని.

అదే దారిలో కాస్త పక్కకు తిరిగితే గుడిమల్లం. క్రీస్తుపూర్వపు కాలానిదని చరిత్రకారులు చెప్పే శివలింగం, దాని మీద నిలువెత్తు శివుడు, ఇప్పటికీ పూజలు అందుకుంటున్నాడు. ఆ పక్కనే పాపానాయుడుపేట, గాజుపూసల ఊరు. కొలిమి ముందు కూర్చుని, కరిగిన గాజును సన్నటి గొట్టంలా సాగదీసి, ముక్కలు చేసి పూసలు చేసే పద్ధతి అక్కడ బతికుంది. ప్రాచీన వాణిజ్యం మీద పనిచేసే విదేశీ పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చిన ఊరది. తిరుపతిలో పుట్టి పెరిగి, ఆ ఊరి పేరు బస్సు బోర్డు మీద తప్ప చూడనివాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. గుడిమల్లం, పాపానాయుడుపేట, శ్రీకాళహస్తి కలిపితే ఒక పూట. చంద్రగిరి కోట ఒక్కటే అయితే మూడు గంటలు. అడవిలో ఉన్న తలకోన జలపాతాన్ని మాత్రం ఈ లెక్కలోకి లాగొద్దు. దానికి ఒక రోజు కావాలి, టోకెన్ జేబులో పెట్టుకుని అడవిలోకి వెళ్లేవాడికి మనసు అక్కడ నిలవదు.

తలకోన నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ పర్యాటకం పనుల్లో చుట్టుపక్కల పల్లెల వన సంరక్షణ సమితికి భాగం ఉంది. లోపాలు లేవని కాదు, సెలవు రోజుల్లో జలపాతం దారిలో ప్లాస్టిక్ చూస్తే కడుపు మండుతుంది. కానీ వచ్చినవాడికి ఎవరిని అడగాలో తెలుసు, ఊరివాళ్లకు ఆ చోటు తమదన్న పట్టింపు ఉంది. తిరుపతి ఊళ్లో సంఘాలకు తక్కువ లేదు. హోటళ్లవాళ్లకు, వర్తకులకు, ఆటోలకు, ట్యాక్సీలకు అన్నిటికీ ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద బండ్లు తీయించినప్పుడో, బ్రహ్మోత్సవాల బందోబస్తులో పార్కింగ్ మార్చినప్పుడో అవి కదులుతాయి. గొడవకు కూడేవే తప్ప సరుకు తయారు చేయడానికి కూడినట్టు నేను చూడలేదు.

ట్యాక్సీ సంఘాలనే తీసుకోండి. ఈ ఊళ్లో అసలు పర్యాటక సమాచార కేంద్రం డ్రైవర్ సీటే. ఎక్కడికి వెళ్లాలో యాత్రికుడు అడిగేది అతన్ని. గుడిమల్లం అంటే "అక్కడేముంది సార్, కాణిపాకం పోదాం రండి" అంటాడు. అతనికి కిలోమీటర్ల లెక్క, మధ్యలో భోజనం హోటల్లో వచ్చే కమీషన్ లెక్క. దాన్ని తప్పు పట్టలేం, పాపానాయుడుపేటలో అతనికి టీ ఇచ్చేవాళ్లు కూడా లేకపోతే ఎందుకు పోతాడు? ఆ ఊళ్లో పొదుపు సంఘం మహిళలు రాగి సంగటి, పప్పు, ఊరిబిండి పచ్చడితో భోజనం పెట్టి, శుభ్రమైన బాత్రూం ఒకటి నడిపితే, అందులో డ్రైవర్‌కు భోజనం ఉచితమైతే, అతని లెక్క మారుతుంది. ఆడవాళ్లతో వచ్చిన కుటుంబం మొదట అడిగేది బాత్రూం గురించే, చరిత్ర గురించి కాదు.

ఇంత చేసినా యాత్రికుడు కదలకపోవడానికి ఒక కారణం ఉంది. భయం. స్లాట్ తప్పుతుందేమోనని టెన్షన్. ఏడాదికోసారి వచ్చే మనిషి, అప్పు చేసి వచ్చిన మనిషి, మొక్కు ఉన్న మనిషి, పూసలు చూడ్డానికి దర్శనాన్ని పణంగా పెట్టడు. పెట్టమని అడిగే హక్కు మనకూ లేదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన చోట తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ టోకెన్ విలువ ఎంతో ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే ఈ వ్యాపారంలో అమ్మాల్సింది చూసే చోటు కాదు, "మీ టైముకు గంట ముందే అలిపిరిలో దింపుతాం" అన్న మాట.

ఆ మాట ఒక్క డ్రైవర్ ఇస్తే ఎవరూ నమ్మరు. సంఘం ఇవ్వాలి. టోకెన్ కౌంటర్ దగ్గర ఒక బోర్డు చాలు: మూడు గంటలకు ఇది, ఐదు గంటలకు ఇది, ధర ఇంత, బేరం లేదు. రేణిగుంట గేటు దగ్గరో, ఏర్పేడు దాటాకో బండి టైరు పంక్చరైతే ఇంకో బండి పంపే పూచీ ఎవరిదో కూడా అందులోనే రాసి ఉండాలి, సంఘం పేరు, ఎత్తే ఫోన్ నంబరుతో సహా.