బ్యాక్టీరియాను దాని కత్తెరతోనే దెబ్బ కొట్టొచ్చు

పెన్సిలిన్ బ్యాక్టీరియాను గోడ కట్టుకోనివ్వదు. టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్ రైబోజోమ్‌ను పట్టుకుని ప్రొటీన్ల తయారీని చెడగొడతాయి. రిఫాంపిసిన్ ఆర్ఎన్ఏ తయారీని ఆపేస్తుంది. దశాబ్దాలుగా మనం వాడుతున్న యాంటీబయాటిక్స్‌లో చాలా వాటి పని ఇదే, కణంలో జరిగే ఏదో ఒక తయారీకి అడ్డుపడటం. తయారైన ప్రొటీన్లను విప్పి ముక్కలు చేసే కత్తెరల్లాంటి యంత్రాల మీద మాత్రం మందుల పరిశోధన పెట్టాల్సినంత దృష్టి పెట్టలేదు. అదంతా కణంలో చెత్త ఎత్తిపోసే పనే కదా అని చాలాకాలం తేలిగ్గా తీసుకోవడం ఇందుకు ఒక కారణమని నేను అనుకుంటున్నాను.

అది చెత్త పని కాదు. ఈకొలై బ్యాక్టీరియాలో డీఎన్ఏ దెబ్బతింటే సుల్-ఏ అనే ప్రొటీన్ పుట్టుకొచ్చి కణవిభజనను ఆపుతుంది. మరమ్మతు అయ్యాక లాన్ అనే ఎంజైమ్ ఆ సుల్-ఏను నాశనం చేస్తేనే విభజన మళ్లీ మొదలవుతుంది. లాన్ లేని బ్యాక్టీరియా అతినీలలోహిత కాంతి తగిలాక విడిపోలేక పొడుగాటి దారాల్లా పెరిగి చచ్చిపోతుంది. అంటే ఇక్కడ విధ్వంసమే స్విచ్. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో బ్యాక్టీరియా చాలాసార్లు ఒక ప్రొటీన్‌ను చంపడం ద్వారానే తేల్చుకుంటుంది.

మరి ఇంత పదునైన కత్తెరను ఒంట్లో పెట్టుకుని కణం తనను తాను ఎందుకు కోసుకోదు? దీనికి జవాబు, లాన్ లాగే ప్రొటీన్లను కోసే క్లిప్-ఎక్స్‌పీ అనే యంత్రం నిర్మాణంలో దొరుకుతుంది. అందులో క్లిప్-పీ అనేది పీపా లాంటి భాగం. కోసే స్థానాలు 14 ఉన్నా అన్నీ దాని లోపలే దాగి ఉంటాయి. పీపా నోరు ఎంత ఇరుకంటే, ముడుచుకుని ఉన్న ప్రొటీన్ ఏదీ అందులో పట్టదు. దాన్ని విప్పి, పోగులా సాగదీసి లోపలికి తోసే పని క్లిప్-ఎక్స్‌ది. ఆరు ఉపభాగాల ఉంగరం అది. కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అనే అణువులను ఖర్చు చేస్తూ, నడిమి రంధ్రంలో ఉన్న చిన్న చిన్న మెలికలతో ప్రొటీన్‌ను పట్టి కిందికి లాగుతుంది.

దేన్ని లాగాలో చెప్పే గుర్తులూ ఉన్నాయి. రైబోజోమ్ మధ్యలో ఇరుక్కుపోయి ప్రొటీన్ సగంలో ఆగిపోతే, టీఎంఆర్ఎన్ఏ అనే అణువు వచ్చి దాని కొసకు ఒక తోక తగిలిస్తుంది. ఈకొలైలో ఆ తోక పొడవు 11 అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్ గొలుసులో 11 పూసలు. చివరి రెండూ అలనైన్ అనే రకానివి. ఆ రెంటినీ ఆస్పార్టేట్ అనే మరో రకంగా మారిస్తే చాలు, క్లిప్-ఎక్స్ ఆ ప్రొటీన్‌ను దాదాపుగా పట్టించుకోదు. ఒక ప్రొటీన్ చావుబతుకులు రెండు అమైనో ఆమ్లాల మీద ఆధారపడి ఉండటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన పని విప్పడం. నిజానికి ప్రొటీన్ గొలుసును తెంచడానికి ఏటీపీ అక్కర్లేదు. ఆ ఖర్చంతా విప్పడానికీ లోపలికి లాగడానికే. ఎంఐటీలో రాబర్ట్ సావర్, తానియా బేకర్ బృందాలు కండరాల్లో ఉండే టైటిన్ ప్రొటీన్ నుంచి గట్టి ముక్క ఒకటి తీసుకుని, దానికి ఆ తోక తగిలించి ఈ యంత్రానికి అందించాయి. ఒక్క ముక్కను విప్పడానికి వందల కొద్దీ ఏటీపీ అణువులు ఖర్చయ్యాయి. యంత్రం లాగుతుంది, ప్రొటీన్ లొంగదు, మళ్లీ లాగుతుంది. ఎప్పుడో ఒక లాగుడుకు అది ఒక్కసారిగా విడిపోతుంది. ప్రొటీన్ మొత్తంగా ఎంత గట్టిదన్నదాని కన్నా, తోక అతుక్కున్న చోట ఎంత గట్టిగా ఉందన్నదే ఇక్కడ ముఖ్యం. నూలుండ చిక్కు విప్పేటప్పుడు చేతికి దొరికిన కొస దగ్గర ముడి ఎంత బిగిసి ఉందన్నదే లెక్క కదా, ఇదీ అంతే. 2011లో రెండు బృందాలు లేజర్ కాంతితో ఒక్కొక్క యంత్రాన్నే పట్టి చూసినప్పుడు, అది ప్రొటీన్‌ను సుమారు ఒక నానోమీటర్ చొప్పున, ఒక్కోసారి దానికి రెండు మూడు రెట్ల అంగలతో లాగడం కనిపించింది.

ఇంత కట్టుదిట్టంగా కాపలా ఉన్న యంత్రం మీద రెండు రకాలుగా దెబ్బ కొట్టొచ్చు. ఒకటి, పని ఆపడం. రెండోది, కాపలా తీసేయడం. నా మొగ్గు రెండోదానికే. ఏడెప్ అనే యాంటీబయాటిక్స్ తరగతి అదే చేస్తుంది. క్లిప్-పీకి అతుక్కుని పీపా నోరు తెరుస్తుంది. ఇక తోక అక్కర్లేదు, ఏటీపీ అక్కర్లేదు. అప్పుడే పుడుతున్న గొలుసులూ, కణవిభజనకు తప్పనిసరైన ఎఫ్‌టీఎస్-జెడ్ ప్రొటీనూ లోపలికి జారి ముక్కలైపోతాయి. మామూలు మందులకు అసలు లొంగనివి, ఎదుగుదల ఆపేసి నిద్రపోతున్న బ్యాక్టీరియాలే. తయారీ పనే దాదాపు ఆగిపోయిన చోట తయారీని అడ్డుకునే మందు ఏం చేస్తుంది? కత్తెర మాత్రం అక్కడా ఉంది. 2013లో అమెరికా శాస్త్రవేత్త కిమ్ లూయిస్ బృందం ఏడెప్‌ను రిఫాంపిసిన్‌తో కలిపి వాడి, అలా నిద్రాణంగా ఉన్న స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను నిర్మూలించగలిగింది.

చిక్కులు లేవని కాదు. స్టెఫైలోకాకస్ క్లిప్-పీ లేకుండానే బతకగలదు. కాబట్టి ఆ జన్యువు చెడిపోతే ఏడెప్‌కు నిరోధం వచ్చేస్తుంది. రెండో మందు జత చేయాల్సి వచ్చింది అందుకే. క్షయ బ్యాక్టీరియాకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. దాని క్లిప్ యంత్రం పోతే అది బతకదు. క్షయ చికిత్సలో ఎప్పటినుంచో వాడుతున్న పైరజినమైడ్ కూడా కొంతవరకు ఈ దారినే పోతున్నట్టు 2020లో వచ్చిన పరిశోధన చూపింది. ఆ మందు బ్యాక్టీరియా లోపల మారి, పాన్-డీ అనే ఎంజైమ్‌కు అతుక్కుంటుంది. దాంతో క్లిప్ యంత్రం ఆ ఎంజైమ్‌ను పట్టి నాశనం చేస్తుంది. అంటే అన్నేళ్లుగా మనకు తెలియకుండానే బ్యాక్టీరియా కత్తెరను దాని మీదికే తిప్పుతున్నామన్నమాట. ఇకనుంచి ఆ పని తెలిసి చేయాలి. క్షయ మందుల పరిశోధనకు పెట్టే డబ్బులో ఈ యంత్రానికి పెద్ద వాటా దక్కాలి.

ఒక జాగ్రత్త మాత్రం మొదటి రోజు నుంచే కావాలి. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోనూ క్లిప్-పీ ఉంది. దాన్ని అతిగా మేల్కొలిపితే మన కణాలే చస్తాయి. కేన్సర్ పరిశోధకులు అదే లక్షణాన్ని కణితుల మీద వాడుకుంటున్నారు కూడా. కాబట్టి బ్యాక్టీరియా క్లిప్-పీ మీద పనిచేసే ప్రతి కొత్త అణువునూ, ఎలుకల దాకా వెళ్లకముందే, మనిషి క్లిప్-పీ మీద పరీక్షించి తీరాలి.