‘తున్నా’ వినిపించిన చోటల్లా ‘ఇంగ్’ పెట్టేయడమేనా?

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో స్పోకెన్ ఇంగ్లీషు చిట్కా ఒకటి తెగ తిరుగుతోంది. తెలుగు వాక్యం చివర ‘తున్నా’ వినిపిస్తే ఇంగ్లీషులో యామ్, ఈజ్, ఆర్ తగిలించి క్రియకు ‘ఇంగ్’ కలిపేయండి, గ్రామర్ పుస్తకం అక్కర్లేదు అన్నది అందులో మొదటి మాట. ‘ఇంగ్’ అంటే ఈ క్షణంలో జరిగే పనే అన్నది రెండోది. నో (తెలుసు అనే అర్థంలోది), హావ్, థింక్ లాంటివాటికి ‘ఇంగ్’ ఎప్పటికీ రాదన్నది మూడోది. మూడింట్లోనూ కాస్త నిజముంది కాబట్టే జనం నమ్మేస్తున్నారు.

మనకు ‘తున్నా’ ఒక్క పనికే పరిమితం కాదు. "అన్నం తింటున్నాను" అంటే ఇప్పుడే, కాబట్టి ‘ఐ యామ్ ఈటింగ్’ సరిపోతుంది. "రోజూ బందరు రోడ్డు మీదుగానే ఆఫీసుకు వెళ్తున్నాను" అలవాటు. అక్కడ ‘ఐ గో’ అనాలి. "2015 నుంచి పటమటలో ఉంటున్నాం" అన్నది అప్పుడెప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న సంగతి: ‘వుయ్ హావ్ బీన్ లివింగ్ ఇన్ పటమట సిన్స్ 2015’. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, ‘వుయ్ ఆర్ లివింగ్ సిన్స్’ అని. వాక్యంలో "పొద్దుటి నుంచి", "మూడేళ్లుగా" లాంటి మాట ఉంటే ‘ఆర్’ వదిలేసి ‘హావ్ బీన్’ వేయాలి. మొదలైన రోజు చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్.

సూత్రాన్ని తిరగేస్తే ఇంకా తేలిపోతుంది. "ఎర్ర చొక్కా వేసుకున్నాడు", "అరుగు మీద కూర్చున్నాడు", "క్యూలో నిలబడ్డాడు". ఎక్కడా ‘తున్నా’ లేదు. అయినా మనిషి ఎదురుగా అలా ఉంటే ఇంగ్లీషులో మూడింటికీ ‘ఇంగే’: ఈజ్ వేరింగ్, ఈజ్ సిట్టింగ్, ఈజ్ స్టాండింగ్. "వేసుకుంటున్నాడు" అంటే ఇంకా బొత్తాలు పెట్టుకుంటున్నట్టు. దానికి ‘ఈజ్ పుటింగ్ ఆన్’ వేరే ఉంది. బస్టాండులో తప్పిపోయిన పిల్లాడి గుర్తులు చెబుతూ ‘హీ వోర్ ఎ రెడ్ షర్ట్’ అంటే, ఆ చొక్కా ఇప్పుడు ఒంటి మీదుందో లేదో వినేవాడికి తెలియదు.

అసలు ఎప్పుడూ ఉండేదానికీ ఇప్పుడు జరిగేదానికీ ఉన్న తేడా తెలుగులోనూ ఉంది. "కృష్ణ విజయవాడ మీదుగా ప్రవహిస్తుంది" ఎప్పుడూ ఉండేది, ‘ఫ్లోస్’. "ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు, నీళ్లు దూకుతున్నాయి" వరద రోజు మాట, ‘ఈజ్ రషింగ్ డౌన్’. అయితే మాట్లాడేటప్పుడు మనవైపు వస్తుంది, వస్తోంది కలిసిపోతాయి కాబట్టి చెవిని నమ్మితే కుదరదు. ఎప్పుడూ ఇంతేనా, ఇప్పటికి మాత్రమేనా అని అర్థాన్ని అడగాలి.

ఇక ‘ఈ క్షణం’ సంగతి. ‘ఐ యామ్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్ టూ’ అనేవాడి చేతిలో ఆ నిమిషాన పుస్తకం ఉండక్కర్లేదు, టీ గ్లాసున్నా వాక్యం ఒప్పే. టికెట్ తీసుకుని ఖాయం చేసుకున్న ప్రయాణానికీ ఇదే: ‘ఐ యామ్ గోయింగ్ టు హైదరాబాద్ టుమారో’. మనమూ "రేపు వెళ్తున్నా" అంటాంగా! రైలు టైంటేబుల్‌కు మాత్రం ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్’ అనడమే మామూలు. ‘ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో’ కుదరదు. వానతో ఎవరూ ముందే మాట్లాడుకుని ఉండరు. మబ్బు చూసి చెబితే ‘ఈజ్ గోయింగ్ టు రెయిన్’.

మూడో మాటలో చిక్కంతా క్రియల పట్టీ బట్టీ పట్టడంతోనే. "నాకు ఇద్దరు అక్కలున్నారు" అన్నప్పుడు ఆ ‘ఉన్నారు’ మోసం చేసి ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ అనిపిస్తుంది. అది తప్పు, ‘ఐ హావ్’ అనాలి. అదే హావ్‌కు తినడమనే అర్థం వస్తే ‘వుయ్ ఆర్ హావింగ్ లంచ్’ ఒప్పే. ‘ఐ థింక్ హీ ఈజ్ రైట్’ అభిప్రాయం. ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’ అంటే ఇంకా ఆలోచిస్తున్నారు. పులుసు ఉప్పగా ఉంటే ‘ఇట్ టేస్ట్స్ సాల్టీ’, వంటావిడ గరిటెతో రుచి చూస్తుంటే ‘షీ ఈజ్ టేస్టింగ్ ఇట్’. నో, ఓన్, బిలాంగ్ అనే మూడింటి విషయంలో మాత్రం చిట్కా దాదాపు నిజమే. ‘ఐ యామ్ హావింగ్ ఎ డౌట్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, క్లాసులో అలా అడిగితే కొంపలేం మునగవు. బయటి దేశం వాళ్లకు మెయిల్ రాసేటప్పుడు మాత్రం ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అని రాయండి.