రెండేళ్ళ మిలటరీ, నలభై శాతం కాగితం

సరిహద్దులో ఏ గొడవ జరిగినా బెంజి సర్కిల్ దగ్గర మేం నిలబడే టీ కొట్టు ముందు ఒక మాట వినపడి తీరుతుంది. "మన కుర్రాళ్ళకి కూడా రెండేళ్ళు కంపల్సరీ మిలటరీ పెట్టాలండీ, అప్పుడు గానీ దారికి రారు." చుట్టూ ఉన్న నలుగురూ తలూపుతారు. నేనూ ఊపేవాణ్ని. నిరుడు సింగపూర్ నుంచి అక్క ఫోన్ చేసిన దగ్గర్నుంచి ఊపడం మానేశాను.

అక్కంటే మా పెద్దమ్మ కూతురు. పుట్టింది, పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. బావ ఉద్యోగం మీద అక్కడికెళ్ళి, కొన్నేళ్ళకి పర్మనెంట్ రెసిడెన్సీ (పీఆర్) తీసుకున్నారు. అక్కడి చట్టంలో ఒక మెలిక ఉంది. ఉద్యోగం మీద పీఆర్ తెచ్చుకున్న తండ్రికి సైనిక సేవ ఉండదు, ఆ తండ్రి వల్ల పీఆర్ వచ్చిన కొడుక్కి ఉంటుంది. పదహారున్నర ఏళ్ళకి పేరు నమోదు, ఆ తర్వాత మెడికల్, పద్దెనిమిది వచ్చాక రెండేళ్ళు సేవ. ఎగ్గొడితే 10,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా గానీ, మూడేళ్ళ దాకా జైలు గానీ, రెండూ గానీ. పీఆర్ వదులుకుని వచ్చేద్దామన్నా, సేవ చెయ్యకుండా వదులుకున్నవాడు రేపు అక్కడ చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెడితే అది అడ్డొస్తుంది. మనవైపు నుంచి అక్కడికెళ్ళి స్థిరపడ్డ చాలా ఇళ్ళలో ఇది తెలిసిన సంగతే. మా ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. మేనల్లుడికి ఆటిజం.

మామూలు స్కూల్లోనే చదివాడు, మార్కులు బాగానే వస్తాయి. ప్రకాశం బ్యారేజీ డెబ్బై గేట్లలో ఎన్ని ఎత్తారో, కిందికి ఎంత నీళ్ళు వదులుతున్నారో నాకంటే ముందు వాడికి తెలుస్తుంది. 2024 సెప్టెంబర్‌లో ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరిన రోజు, మేమిక్కడ సింగ్‌నగర్‌లో చిక్కుకున్న బంధువుల కోసం పడవల వెంట తిరుగుతుంటే, వాడు అక్కడ కూర్చుని గంటగంటకీ లెక్క పంపాడు. అదే పిల్లాడు కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని బాత్రూంలోకి పోతాడు. కంచం మారిస్తే అన్నం ముట్టడు. వీణ్ని సైనిక శిక్షణ ఇచ్చే పులావ్ టెకాంగ్ అనే దీవిలో, గదినిండా కొత్తవాళ్ళ మధ్య, తుపాకుల మోతలో ఊహించుకుని అక్క నిద్ర మానేసింది.

మెడికల్‌కి ముందు వాడు నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, నిద్ర సరిగ్గా పడుతుందా అని అడుగుతారంట. ఏం చెప్పాలి?" పడుతుంది కదరా అన్నాను. "పడుతుంది. కానీ ఎక్కడ అని అడగరంట."

వాడు చమత్కారం కోసం అన్న మాట కాదది. నిర్బంధ సేవలో జరిగే వడపోతకి ఉన్న లోపం మొత్తం అందులో ఉంది. సైనిక వైద్యపరీక్ష ఒంటికి కనిపెట్టింది. గుండె, చూపు, కీళ్ళు ఇంట్లో ఎలా ఉంటాయో బ్యారక్‌లోనూ అలాగే ఉంటాయి. ఆటిజం అలా కాదు. తన మంచం, తన వేళలు, తనని ఎరిగిన మనుషులు ఉన్నచోట వాడికి ఏ కష్టమూ లేదు. ఆ మూడూ ఒకే రోజు తీసేస్తే ఏమవుతాడో పరీక్ష గదిలో కూర్చున్న డాక్టరుకి కనపడదు. అడిగినదానికి అడిగినంత వరకే నిజం చెప్పే పిల్లవాడు తనంతట తనే తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

ఇంకో ఉచ్చు కూడా ఉంది, అది తల్లి స్వయంగా బిగించింది. మూడో ఏట నుంచి అక్క చేసిందంతా ఒక్కటే పని. కళ్ళలోకి చూసి మాట్లాడు, చేతులు ఆడించకు, ఎవరన్నా పలకరిస్తే బాగున్నాను అను. స్పీచ్ థెరపీలు, డైరీలు, పదిహేనేళ్ళ పోరు. ఆ పోరు గెలిచింది కాబట్టే ఇప్పుడు వాడు పైకి మామూలుగా కనిపిస్తాడు. మామూలుగా కనిపిస్తాడు కాబట్టే ఇప్పుడు పాత రిపోర్టులన్నీ తీసి, వీడు మామూలుగా లేడు మహాప్రభో అని ఆవిడే నిరూపించాలి. "నా కొడుకు చెయ్యలేనివి లిస్టు రాయమంటున్నార్రా తమ్ముడూ. వాడు చదువుతాడేమోనని తలుపేసుకుని రాస్తున్నా" అంది.

సింగపూర్‌లో వైద్యపరీక్ష తర్వాత ఒక అక్షరం ఇస్తారు. 'ఎఫ్' అంటే ఏ సేవకీ పనికిరాడని. 'ఈ' అంటే ఆఫీసు పనికి మాత్రమే. దక్షిణ కొరియాలో అక్షరాలకి బదులు అంకెలు. పందొమ్మిదో ఏట పరీక్ష చేసి ఒకటి నుంచి ఏడు దాకా గ్రేడ్ వేస్తారు. మొదటి మూడు గ్రేడ్లు సైన్యానికి, నాలుగు ప్రజాసేవ కార్యాలయాలకి, ఐదు యుద్ధం వస్తే పిలవడానికి, ఆరు పూర్తి మినహాయింపు, ఏడు మళ్ళీ పరీక్ష. ఆటిజం తీవ్రంగా ఉన్నవాళ్ళ విషయం ఎక్కడైనా త్వరగానే తేలిపోతుంది. నలిగేది మధ్యలో ఉన్నవాడు. మినహాయించడానికి చాలినంత కాదు, మోయడానికి చాలినంత బలమూ లేదు.

ఈ మధ్యవాడి గోడు ఒకసారి యూరప్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్ళింది. స్విట్జర్లాండ్‌లో సైన్యంలో చెయ్యని మగవాళ్ళు దానికి బదులు పన్ను కట్టాలి. గ్లోర్ అనే ఆయనకి షుగర్ జబ్బు. నేను సేవ చేస్తానని ఆయన అంటుంటే సైన్యం నువ్వు పనికిరావంది. పన్ను శాఖేమో నీ వైకల్యం 40 శాతం లేదు కాబట్టి కట్టమంది. అంటే సేవకి సరిపోనంత వికలాంగుడు, పన్ను మాఫీకి సరిపోనంత ఆరోగ్యవంతుడు. ఇది వివక్షేనని 2009 ఏప్రిల్ 30న కోర్టు చెప్పింది. ఆయనది ఆటిజం కాకపోయినా, మా మేనల్లుడి పరిస్థితిని ఇంత సరిగ్గా చూపించిన కేసు నాకు ఇంకొకటి కనపడలేదు.

ఆ 40 అనే అంకె మనకి కొత్తా? వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్ళిన ఏ తల్లినైనా అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. 1995 చట్టంలో ఆ పేరే లేదు. గుర్తింపు దాకా బాగానే ఉంది గానీ, పింఛను, రిజర్వేషన్ లాంటివన్నీ 40 శాతం గీత దగ్గర ఆగుతాయి. గీత దాటితే మన రాష్ట్రంలో నెలకి 6,000 పింఛను, దాటకపోతే సున్నా. ఆటిజానికి మనవాళ్ళు వాడే ఐసా అనే కొలతలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టే, 153 దాటితే తీవ్రం. ఓసారి ఓ క్యాంపు బయట బెంచీ మీద కూర్చున్న మంగళగిరి ఆవిడ నాతో అంది, "ఇంట్లో చేసే గోలలో పావు వంతు లోపల చేసినా బాగుండేదయ్యా. ఇవాళే బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు." బ్రాడీపేట నుంచి వెళ్ళినావిడ అక్కడ తలుపేసుకుని రాస్తున్నదీ, మంగళగిరి ఆవిడ ఇక్కడ బెంచీ మీద అనుకుంటున్నదీ ఒకటే.

ఈ గీత గురించి మన సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో గట్టిగానే మాట్లాడింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థి, తనకి రాసిపెట్టే సహాయకుడు కావాలన్నాడు. 40 శాతం లేకపోతే సహాయం అడిగే హక్కే లేదనడం చెల్లదని కోర్టు తేల్చింది. శాతాన్ని బట్టి రిజర్వేషన్ ఇవ్వొచ్చు, అవసరాన్ని బట్టే సాయం చెయ్యాలి. ఈ తేడా మన ఆఫీసుల్లో ఎంతమందికి తలకెక్కిందో వేరే కథ.

మనకి నిర్బంధ సేవే లేదు, ఈ గొడవంతా మనకెందుకని అడగొచ్చు. నిజమే, మన సైన్యంలో చేరిక ఇష్టం మీదే. గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు ర్యాలీ పెడితే నాలుగేళ్ళ అగ్నివీర్ ఉద్యోగానికి కుర్రాళ్ళు తెల్లవారకముందే లైను కడతారు, ఎవరూ తరమక్కర్లేదు. కానీ మన రాజ్యాంగం తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. వెట్టిచాకిరీని నిషేధించిన 23వ అధికరణంలోనే రెండో క్లాజు ఉంది. ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ విధించవచ్చు, అందులో మతం, జాతి, కులం, వర్గం కారణంగా మాత్రం వివక్ష చూపకూడదు. ఆ జాబితాలో వైకల్యం లేదు. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీల్లో ఎన్‌సీసీని తప్పనిసరి చేసి, 1968లో మళ్ళీ ఐచ్ఛికం చేశారు. టీ కొట్టు మాట ఒకసారి ఢిల్లీదాకా వెళ్ళొచ్చిందన్నమాట.

ఇంకా చెప్పాలంటే బెజవాడ వాళ్ళం నిర్బంధ సేవ తెలియదనడం కాస్త విడ్డూరమే. పోరంకి, నిడమానూరు, గొల్లపూడి వైపు ఇంటర్ హాస్టళ్ళు చూడండి. చీకటితోనే బెల్లు, ఒకే గదిలో ఎనిమిది మంది, మైకులో పేర్లు, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్, ఆదివారం తల్లిదండ్రులతో గంట. రెండేళ్ళే, కాలం కూడా సరిపోయింది. పేరులేని ఆటిజం ఉన్న పిల్లలు అందులో ఎంతమంది పడి, మొండివాడనో సరిగ్గా కలవడనో ముద్ర వేయించుకుని ఇంటికొచ్చారో లెక్క తీసినవాళ్ళు లేరు.

ఇలా రాస్తే కొందరు ఇజ్రాయెల్‌ని చూపిస్తారు. అక్కడ ఆటిజం ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, కావాలంటే స్వచ్ఛందంగా చేరొచ్చు. 2013లో మొదలైన రోయిమ్ రహోక్ అనే కార్యక్రమం అలాంటి యువతకి శిక్షణ ఇచ్చి, ఉపగ్రహ చిత్రాలు పరిశీలించే 9900 యూనిట్‌కి పంపుతుంది. చిత్రంలో పిసరంత మార్పు కూడా వదలని చూపు వాళ్ళది. బలవంతం తీసేసి తలుపు తెరిచి ఉంచడం వరకు నాకూ నచ్చింది. తర్వాతదే మింగుడు పడదు. ఆ చూపు కనిపెట్టిన చుక్క మీద రేపు ఏం పడుతుందో ఆ కుర్రాడికి ఎవరైనా విడమర్చి చెప్పారా? అడగలేదు కాబట్టి చెప్పలేదు అంటే, ఆటిజం ఉన్నవాడి విషయంలో అది సాకు కాదు. పైగా ఏదో అద్భుత విద్య ఉంటేనే చోటు అనే లెక్క మొదలైతే, బ్యారేజీ గేట్లు తప్ప ఇంకేం పట్టని మా వాడిలాంటి వాళ్ళు ఎక్కడికి పోవాలి?

నా ఉద్దేశం ఇది. ఏ దేశమైనా నిర్బంధ సేవ పెట్టుకుంటే పెట్టుకోనీ. ఆటిజం నిర్ధారణ అయినవాడి మీద మాత్రం శాతాలతో, అక్షరాలతో సంబంధం లేకుండా ఆ బలవంతం ఉండకూడదు. దానికి బదులు పన్నూ ఉండకూడదు, రేపు ఉద్యోగానికి వెళ్తే మచ్చలా కనపడే ముద్రా ఉండకూడదు. చేరతానంటే చేర్చుకునే ఏర్పాటు ఉండాలి, ముందే ఆ చోటు చూపించాలి, ఏ గంటకి ఏం జరుగుతుందో కాగితం మీద ఇవ్వాలి, ఇక చాలన్న రోజున కేసు పెట్టకుండా పంపించాలి. చెప్పడం తేలికే, సైన్యాలు ఇలా నడవవని నాకూ తెలుసు. ఒకడికి వెసులుబాటిస్తే పదిమంది దొంగ సర్టిఫికెట్లు తెస్తారనే భయమూ ఉత్తది కాదు, దొంగ సదరం కాగితాలు చూసిన రాష్ట్రం మనది. కానీ దొంగని పట్టుకోవడం ఆఫీసు పని. ఆ బరువు నిజంగా కష్టంలో ఉన్న పిల్లాడి నెత్తిన పెట్టడమేమిటి?

ఇంతకీ మేనల్లుడికి వెళ్ళాలనే ఉంది. ఆ మాట అక్క చెప్పలేదు, వాడే చెప్పాడు. "క్లాసులో అందరూ వెళ్తున్నారు మావయ్యా. నేనొక్కణ్నే ఉండిపోతే శనివారాలు ఎవరితో తినాలి?" మోత సంగతేంట్రా అంటే, "అది కష్టమే. కానీ వాళ్ళు రావద్దంటే అది వేరే కష్టం" అన్నాడు. తలుపేసుకుని రాసిన లిస్టులో ఈ రెండో కష్టం లేదు.

మెడికల్ వచ్చే నెలకి వాయిదా పడింది. రిపోర్టుల ఫైలు ఇప్పుడు రెండు వందల పేజీలు దాటింది. అక్క దాచిన చోటు వాడికెప్పుడో తెలుసంట. మొత్తం చదివి, ఒక తేదీ తప్పనీ, ఒకచోట మందు పేరు తప్పు రాశారనీ పెన్సిల్‌తో దిద్ది, మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. అక్క ఆ రెండు పేజీలు కొత్తగా ప్రింట్ తీయిస్తోంది.