తినేవాళ్ల గురించే భయమా? కలిపేవాళ్ల ఊపిరి ఎవరికీ పట్టదా?

ఇందాక గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డ్. మైక్రోవేవ్ పాప్‌కార్న్ తింటే ఊపిరితిత్తులు పోతాయట, పిల్లలకు పెట్టొద్దట. కింద వరసగా థాంక్యూలు. ఆ వెన్న వాసనను నూనెలో కలిపింది ఎవరు, వాళ్లేమయ్యారు అని ఒక్కరూ అడగలేదు. ఒళ్లు మండిపోతోంది.

జబ్బు తింటే రాదండీ, పీలిస్తే వస్తుంది. 2000లో అమెరికాలో, మిస్సోరి రాష్ట్రం జాస్పర్ ఊళ్లో బయటపడింది. ఒకే పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు. వాళ్లలో నలుగురి పని ఫ్లేవర్ కలపడమే. వేడి నూనె తొట్టి మూత తీసి ఫ్లేవర్ పోయాలి. అందులో వెన్న వాసననిచ్చే రసాయనం డయాసిటైల్ 88 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి వేడి నూనెలో పడగానే ఆవిరై ముఖానికి కొడుతుంది. లోపల అతి సన్నటి గాలి గొట్టాల పొర దెబ్బతింటుంది, మానేటప్పుడు మచ్చకట్టి గొట్టమే పూడుకుపోతుంది. అది మళ్లీ తెరుచుకోదు. ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ రాస్తారు, పనిచేయదు. ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. ఇక సిగరెట్లు మానెయ్ అని ఇంటికి పంపడమే!

మరి అమెరికాలోని డెన్వర్‌లో పాప్‌కార్న్ కొనుక్కు తిన్న ఒకాయనకు 2012లో జ్యూరీ 72 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలంది కదా అంటారు. ఆయన వాదన కూడా ఏళ్ల తరబడి ప్యాకెట్ తెరిచి ఆవిరి పీల్చానన్నదే.

'ఆహారంలో వాడొచ్చు' అన్న అనుమతి కడుపు కోసం ఇచ్చింది. దాన్ని ఊపిరితిత్తులకు వర్తింపజేసే హక్కు ఎవరిచ్చారు? అంతకన్నా ఘోరం, 'డయాసిటైల్ లేదు' అని ప్యాకెట్ మీద వేసుకుని లోపల 2,3-పెంటేన్‌డయోన్ వాడటం. దాదాపు అదే అణువు, అదే హాని. పనివాళ్ల ఆరోగ్యంపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయాష్ 2016లో సూచించిన ఎనిమిది గంటల పరిమితి చూడండి: వంద కోట్ల పాళ్ల గాలిలో డయాసిటైల్ 5 పాళ్లు, దీనికి 9.3. అదీ సూచనే. ఏ ఫ్లేవరూ కలపని కాఫీ గింజలు వేయించి పొడి కొట్టినా ఈ రెండూ వస్తాయి, అది ఎవరికీ గుర్తుండదు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం జబ్బుల పట్టికలో రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఉండేది, పత్తి దుమ్ముతో వచ్చే బైసినోసిస్ ఉండేది. ఈ ఫ్లేవర్ జబ్బు పేరే లేదు.

ఇక పనివాళ్ల చేతికిచ్చే ఆ గుడ్డ మాస్కులు! ఏ రసాయనమైనా సరే, ఎన్నేళ్లుగానో ఇదే తంతు. గుడ్డ ఆవిరిని ఆపదు. ముందు తొట్టికి మూత బిగించాలి, ఫ్లేవర్‌ను బకెట్‌తో కాకుండా పంపుతో ఎక్కించాలి, నూనె వేడి తగ్గించాకే కలపాలి, తొట్టి నోటి దగ్గరే ఆవిరిని లాగే ఎగ్జాస్ట్ పెట్టాలి. మాస్క్ ఆ తర్వాత సంగతి. అదీ సేంద్రియ ఆవిరి కాట్రిడ్జ్, దుమ్ము ఫిల్టర్ రెండూ ఉన్నది, కళ్లు కూడా మండుతాయి కాబట్టి ముఖమంతా కప్పేది. పొడి ఫ్లేవరైతే భయం లేదనుకోవద్దు, ఆ దుమ్మూ లోపలికే పోతుంది.

పనిలో చేరిన రోజే స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, చేయించాలి, తర్వాత ఆరు నెలలకోసారి. ఎఫ్‌ఈవీ1 అంకెను, అంటే మొదటి సెకనులో ఎంత గాలి ఊదగలరన్నదాన్ని, పాత అంకెతో పోల్చాలి. ఆ వయసుకు, ఎత్తుకు ఉండాల్సినదాంట్లో 110 శాతంతో చేరిన మనిషి 85కి పడినా రిపోర్టులో 'నార్మల్' అనే ఉంటుంది. దాదాపు పావు వంతు ఊపిరి పోయిందని పాత కాగితం పక్కన పెడితేనే తెలుస్తుంది. ఆ కాగితం కాపీ ఆఫీసు బీరువాలో కాదు, పనిచేసే మనిషి ఇంట్లో ఉండాలి.