సవరణ: బి స్ట్రెప్‌కి ముందే మాత్రలు వాడితే సరిపోదు

గర్భిణుల్లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా గురించి గత వారం రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. "పరీక్షలో ఉందని తేలితే వెంటనే మాత్రల కోర్సు వాడితే పోతుంది" అని రాశాను. అది సరికాదు. చదివినవాళ్లందరూ క్షమించాలి.

ఇది పేగుల్లో, యోనిలో మామూలుగానే ఉండే బ్యాక్టీరియా. తల్లికి చాలాసార్లు ఏ ఇబ్బందీ తెలియదు, కానీ కాన్పు సమయంలో బిడ్డకు సోకితే ప్రమాదం. ముందే మాత్రలతో తగ్గించినా కాన్పు నాటికి మళ్లీ చేరవచ్చు. అందుకే నొప్పులు మొదలయ్యాక గానీ, ఉమ్మనీరు పోయాక గానీ నరంలోకి పెన్సిలిన్ ఎక్కిస్తారు. బిడ్డ పుట్టడానికి కనీసం 4 గంటల ముందు మొదలైతే మేలు. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలామంది చూపించుకునేది ఇక్కడ, పురుడు పోసుకునేది బోర్డర్ దాటి ఆంధ్రాలోని పాతపట్నం, టెక్కలి వైపు పుట్టింట్లో. మా చెల్లెలికి నొప్పులు వచ్చిన రాత్రి నర్సు ఈ బ్యాక్టీరియా పరీక్ష (స్వాబ్) రిపోర్టు అడిగితే, అది స్కానింగ్ కవర్లో మడతపెట్టి ఇక్కడి బీరువాలోనే ఉండిపోయింది. ఎంత టెన్షన్ పడ్డామో! 36, 37 వారాల్లో చేసిన ఆ పరీక్ష కాగితం ఆసుపత్రి సంచిలో పైనే ఉండాలి.

ఇంకొకటి. కాన్పప్పుడు ఇంజెక్షన్ పడితే బిడ్డకు ఇక భయం లేదని కూడా ఆ పోస్టులో అన్నాను. అది కాపాడేది ముఖ్యంగా మొదటి వారంలో వచ్చే జబ్బు నుంచే. తర్వాత మూడు నెలల లోపు వచ్చేదాన్ని ఆపలేదు. బిడ్డ పాలు పట్టకపోయినా, మూలుగుతూ వేగంగా ఊపిరి తీస్తున్నా, ఒళ్లు కాలినా చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.