మిగిలిపోయిన ముక్క

మాది వందేళ్లు దాటిన ఇల్లు. అందులో పడగ్గది తలుపు మేం వచ్చినప్పటి నుంచీ సరిగ్గా పడేది కాదు, మూసి ఇలా వెనక్కి తిరిగేలోపు మెల్లగా తెరుచుకునేది, అందుకని దాని కింద మడతపెట్టిన అట్టముక్క ఒకటి శాశ్వతంగా కాపురం ఉండేది. మా ఆవిడకి ఆ అట్టతో ఏ ఇబ్బందీ లేదు. నాకే ఊరుకోబుద్ధి కాలేదు.

అది పాతకాలం మోర్టిస్ తాళం, అంటే తలుపు అంచుని తొలిచి చెక్క లోపల కూర్చోబెట్టే రకం. స్క్రూల మీద ఎన్ని పొరల పెయింటు ఉందంటే గాడి ఎక్కడుందో వేలితో తడిమి కనుక్కోవాల్సి వచ్చింది. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు కాబట్టి గరుకు కాగితం జోలికి పోకుండా, ఒక్కో గాడినీ సూదితో తవ్వుతూ కూర్చున్నా. గాడి శుభ్రపడకుండా స్క్రూడ్రైవర్ పెడితే స్క్రూ తల అరిగిపోతుంది, ఆ తర్వాత అది ఇక జన్మలో రాదు. ఒక పూట అంతా అక్కడే గడిచింది.

మూత మాత్రం చాలా మెల్లగా ఎత్తా, లోపల స్ప్రింగులు అణిగి ఉంటాయని తెలుసు కాబట్టి. విరిగిన స్ప్రింగు బుద్ధిగా కదలకుండా పడుంది. దాని పక్కనున్న మంచి స్ప్రింగు ఎగిరి బీరువా కిందికి పోయింది. లోపలంతా నల్లటి జిగురు. గట్టిగా ఉందనిపించినప్పుడల్లా ఎవరో ఒకరు నూనె పోస్తూ వచ్చినట్టున్నారు, ఆ నూనెకి దుమ్ము అంటుకుని అలా తయారైంది. తాళానికి గ్రాఫైట్ పొడే మేలు, అది దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ ముక్కు గీకి వేసినా పనవుతుంది.

విప్పేముందు ఫోటోలు తీయాలన్న తెలివి నాకుంది. పద్నాలుగు తీశా. అంతా కడిగి, తుడిచి, కొత్త స్ప్రింగు వేసి, మూత బిగించి చూస్తే ఒక ముక్క మిగిలింది. గోరంత ఇత్తడి ముక్క, కాస్త వంకరగా ఉంది. ఫోటోలు తిరగేశా. పద్నాలుగింట్లోనూ సరిగ్గా ఆ మూలన నా బొటనవేలే ఉంది! వెనకటికి ఎవరో రిపేరు చేస్తూ అదనంగా పడేసి ఉంటారులే అనుకుని దాన్ని బయట స్టూలు మీద, మిగతా సామాను పక్కన పెట్టి, తాళం బిగించి, గదిలోకొచ్చి తలుపు మూశా.

టక్!

ఆ చప్పుడు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. ఇంకోసారి విందామని గుబ్బ తిప్పా. తిరిగింది. ఇంకా తిప్పా. ఇంకా తిరిగింది. గడియారం ముల్లులా ఏ అడ్డూ లేకుండా చుట్టూ తిరిగొచ్చింది గానీ నాలుక మాత్రం చౌకట్టులోంచి వెనక్కి రాలేదు. కొత్త స్ప్రింగు మరి, మా గట్టిగా పట్టుకుంది. గుబ్బ తిప్పితే ఆ తిప్పుడుని నాలుక దాకా మోసుకెళ్లే ముక్క ఏదో అప్పుడు అర్థమైంది.

"ఏవండీ, లోపల ఏం చేస్తున్నారు?"

"తాళం పరీక్షిస్తున్నా."

"పనిచేస్తోందా?"

"బ్రహ్మాండంగా."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత తాళంచెవి కన్నంలో మా ఆవిడ కన్ను కనపడింది. "స్టూలు మీద ఏదో ఇత్తడి ముక్క ఉందండీ, పారేయనా?"

1851లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే ఆయన, అరవయ్యేళ్లుగా ఎవరికీ లొంగని బ్రామా తాళాన్ని పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తెరిచాడు. ఇదే మాట కన్నంలోంచి చెప్పా, కాస్త గౌరవం దక్కుతుందేమోనని. "ఆయన బయట కూర్చుని కదా తెరిచింది" అంది.

తలుపు మూసున్నంతసేపూ మోర్టిస్ తాళాన్ని బయటికి లాగలేం. మిగిలిన దారి బందులే. తలుపు గదిలోకే తెరుచుకుంటుంది కాబట్టి బందుల పిన్నులు నా వైపే ఉన్నాయి. అట్టముక్క తీసేస్తే ఆ సందులోంచి స్క్రూడ్రైవర్ వచ్చింది, సుత్తి రాలేదు. సుత్తి బదులు ఇస్త్రీ పెట్టె వాడా. దాని గురించి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. పెయింటు పట్టేసిన మూడు పిన్నులూ గంటన్నరకి ఊడాయి, మూడూ వంకరపోయి. తలుపుని బందుల వైపు నుంచి లాగి, దాంతో పాటు నేనూ బయటపడ్డా.

వెంటనే ఆ ఇత్తడి ముక్కని దాని చోట పెట్టా. ఇప్పుడు తాళం అద్భుతంగా పనిచేస్తోంది, గుబ్బ తిప్పితే నాలుక సుతారంగా వెనక్కి వెళ్తుంది, తాళంచెవి వెన్నలో తిరిగినట్టు తిరుగుతుంది. తలుపు గోడకి ఆనించి ఉంది. పిన్నులు దొరికేదాకా గదికి దుప్పటి కట్టాం. రాత్రి పడుకునేముందు మా ఆవిడ వెళ్లి, గోడకి ఆనించిన ఆ తలుపుకి జాగ్రత్తగా తాళం వేసి వచ్చింది.